ఈవీలో నేపాల్ ట్రిప్: అపోహలు - వాస్తవాలు

కాశీ దాకా కారేసుకుని వెళ్లేవాళ్లు మన దగ్గర ఎప్పట్నుంచో ఉన్నారు, అక్కడ్నుంచి గోరఖ్‌పూర్ మీదుగా ఇంకో మూడొందల కిలోమీటర్లు పోతే సోనౌలి, అది దాటితే నేపాలే, పశుపతినాథ్, పోఖరా, ఓపికుంటే ముక్తినాథ్. ఈమధ్య ఈ లెక్క ఈవీలో, అంటే ఎలక్ట్రిక్ కారులో, వేసుకుంటున్నవాళ్లు బాగా పెరిగారు. నేను హైదరాబాద్‌లో ఈవీ సర్వీస్ పని చేస్తా, ట్రిప్‌కి ముందు బండి చూపించుకోడానికి వచ్చినవాళ్లు అందరూ అవే అడుగుతారు. భయపడక్కర్లేని వాటికి నిద్ర మానుకుంటారు, భయపడాల్సినవి మాత్రం అసలు అడగరు. అందుకే ఈ పోస్ట్.

అపోహ: ఇక్కడే చార్జర్లకి దిక్కులేదు, నేపాల్‌లో ఏముంటాయి!

నేపాల్‌కి పెట్రోల్, డీజిల్ మొత్తం మన దగ్గర్నుంచే వెళ్లాలి. 2015లో బోర్డర్ దగ్గర సరుకు ఆగిపోయి నెలల తరబడి బంకుల ముందు వాళ్లు పడ్డ అవస్థ ఇంకా మర్చిపోలేదు. కరెంట్ సంగతి వేరు, అది చాలావరకు వాళ్ల నదుల్లోంచే వస్తుంది, వానాకాలంలో మిగిలింది మనకీ అమ్ముతారు. దానికి తోడు ఈవీల మీద ఇంపోర్ట్ టాక్స్ పెట్రోల్ కార్ల మీద ఉన్నంత ఉండదు. ఇంకేముంది, ఇప్పుడక్కడ కొత్తగా వచ్చే కార్లలో సగానికి పైగా ఎలక్ట్రిక్‌వే. ప్రభుత్వ కరెంట్ సంస్థ ఒక్కటే యాభైకి పైగా చోట్ల ఫాస్ట్ చార్జర్లు పెట్టింది, అవి కాక కార్ కంపెనీలవి, దారిలో భోజనం హోటళ్లవాళ్లు పెట్టుకున్నవి వేరే ఉన్నాయి. నన్నడిగితే బోర్డర్ దాటాక కంటే జబల్‌పూర్, రీవా మధ్యే ఎక్కువ ప్లాన్ చేసుకోవాలంటా.

ప్లగ్ సరిపోదేమో అన్న డౌట్ కూడా చాలామందికి ఉంటుంది. మన కార్లకున్న సీసీఎస్2 (ఫాస్ట్ చార్జింగ్ ప్లగ్), టైప్ 2 (మామూలు ఏసీ చార్జింగ్ ప్లగ్) రెండూ అక్కడా నడుస్తాయి. చైనా బళ్లు ఎక్కువ కాబట్టి చాలా మెషిన్లకి పక్కన జీబీ/టీ అనే చైనా తరహా గన్ కూడా వేలాడుతుంటుంది, అది మీది కాదు, అంతే. ఇంటి కరెంట్ కూడా మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్.

అపోహ: హోటల్లో పవర్ ప్లగ్ ఉంటే చాలు, రాత్రంతా పెట్టుకుంటే పొద్దున్నకి ఫుల్.

అసలు గొడవంతా ఇక్కడే. కారుతో వచ్చే పోర్టబుల్ చార్జర్‌కి ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే ఎర్ర లైట్ వెలిగి మొరాయిస్తుంది, చార్జర్ పాడైందని మనవాళ్లు నాకు రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తారు. అది పాడవ్వలేదయ్యా, దాని పని అది చేస్తోంది. పాత లాడ్జిల్లో సాకెట్‌కి ఎర్త్ కోసం మూడో కన్ను ఉంటుంది కానీ దాని వెనకాల వైరే ఉండదు. ఇది నేపాల్ ఒక్కచోటే కాదు, దారిలో మన ఊళ్లలోనూ అంతే.

చిన్న మల్టీమీటర్ ఒకటి బ్యాగ్‌లో పడేసుకోండి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 దగ్గర్లో రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకి మించకూడదు. అక్కడ నలభై, యాభై చూపిస్తోందంటే ఆ పాయింట్ వదిలేసి గీజర్ పాయింట్ ఎక్కడుందో అడగండి, చాలా హోటళ్లలో కాస్త మందం వైర్ లాగేది దానికే. చార్జింగ్ పెట్టిన అరగంటకి వెళ్లి ప్లగ్ పట్టుకుని చూడండి, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆపెయ్యండి, కారులో కరెంట్ తగ్గించే సెట్టింగ్ ఉంటే తగ్గించి మళ్లీ పెట్టండి.

ఇంకోటి, ఎర్త్‌నీ న్యూట్రల్‌నీ లోపల కలిపేసిన "బైపాస్ ప్లగ్" అని ఒకటి తిరుగుతోంది, అది పెడితే ఎర్ర లైట్ పోతుంది నిజమే. కానీ ఆ పాత వైరింగ్‌లో న్యూట్రల్ ఎక్కడైనా ఊడితే కారు బాడీ మొత్తానికి కరెంట్ వచ్చేస్తుంది, పొద్దున్నే మీ పిల్లాడు డోర్ హ్యాండిల్ పట్టుకుంటాడు. నా దగ్గరికి ఎవరైనా అది పట్టుకొస్తే తిరిగివ్వను, అక్కడే కట్ చేసి పడేస్తా, తిట్టుకున్నా పర్లేదు.

అపోహ: అంత ఎత్తుకి ఈవీ ఎక్కలేదు.

గాలి పలచబడితే ఇబ్బంది పడేది ఇంజన్, మోటార్‌కి గాలితో పనేంటి. ఎక్కడం గురించి దిగులు వద్దు, యూనిట్ల లెక్క మాత్రం వేసుకోండి. నలుగురు మనుషులు, లగేజీ కలిపి బండి 1,750 కేజీలు అనుకుంటే, వెయ్యి మీటర్లు ఎత్తు ఎక్కడానికే దాదాపు అయిదు యూనిట్లు పోతాయి, ముందుకెళ్లడానికి అయ్యేది దీనికి అదనం. పోఖరా సుమారు 800 మీటర్లు, ముక్తినాథ్ కింద బళ్లు ఆగే చోటు సుమారు 3,700. అంటే ఎత్తుకే పద్నాలుగు, పదిహేను యూనిట్లు, 40 యూనిట్ల బ్యాటరీలో మూడో వంతు పైనే. డాష్‌బోర్డ్ మీద చూపించే రేంజ్ నిన్నటి ప్లెయిన్ రోడ్డు చూసి చెప్పేది, ఎదురుగా కొండుందని దానికేం తెలుసు. ముక్తినాథ్ దారిలో బేణి అనే ఊరు దాటాక రోడ్డు కూడా అంతంతమాత్రమే.

దిగేటప్పుడు కథ రివర్స్. "దిగేటప్పుడు మొత్తం తిరిగొచ్చేస్తుంది" అంటారు, మొత్తం రాదు, అందులో సగమో, ఇంకాస్త ఎక్కువో వస్తుంది. పైన లాడ్జిలో 100 శాతం చేసుకుని దిగడం మొదలెడితే అదీ రాదు, ఎందుకంటే బ్యాటరీలో ఖాళీ లేదు, రీజెన్ (దిగేటప్పుడు మోటారే బండిని ఆపుతూ బ్యాటరీ నింపడం) పనిచేయదు, బరువంతా బ్రేకుల మీద పడి డిస్కులు కాలిపోతుంటాయి. 80 దగ్గర ఆపేసి దిగండి. చలి పొద్దుల్లో బ్యాటరీ గడ్డకట్టినట్టుంటుంది కాబట్టి మొదటి కాసేపు రీజెన్ తక్కువే ఉంటుంది, చార్జింగ్ కూడా మెల్లగానే ఎక్కుతుంది, అది ఫాల్ట్ కాదు.

అపోహ: నేపాల్‌కి వీసా లేదుగా, కారుకి మాత్రం కాగితాలెందుకు?

మీకు వీసా లేదు, కారుకి ఉంది అనుకోండి. సోనౌలి అవతల బెలహియాలో భన్సార్ అంటే కస్టమ్స్, అక్కడ ఎన్ని రోజులుంటారో చెప్పి రోజుల లెక్కన డబ్బు కట్టి చీటీ తీసుకోవాలి, దాంతోపాటు రవాణా శాఖ పర్మిట్. ఏడాదిలో 30 రోజులు దాటకూడదు. ఒకట్రెండు రోజులు ఎక్కువే రాయించుకోండి, కొండచరియ విరిగి రోడ్డు మూసేస్తే చీటీ గడువు ఆగదు, ఫైన్ పడుతుంది. ఆర్సీ మీ పేరు మీద లేకపోతే ఓనర్ దగ్గర్నుంచి అనుమతి లెటర్ పట్టుకెళ్లండి. ఐటీ వాళ్లు కంపెనీ లీజులో ఈవీలు తీసుకుంటున్నారు కదా, వాళ్ల ఆర్సీలో ఎవరి పేరుందో బయల్దేరాక కాదు, ఇప్పుడే చూసుకోవాలి.

మనిషికి పాస్‌పోర్ట్ గానీ ఓటర్ కార్డు గానీ ఉండాలి. ఆధార్ 15 ఏళ్ల లోపు, 65 దాటినవాళ్లకే పనికొస్తుంది.

ఇన్సూరెన్స్ సంగతైతే ఒక్కళ్లూ అడగరు. మన పాలసీ ఇండియా వరకే. నేపాల్, భూటాన్ లాంటి పక్క దేశాలకి పొడిగించమని కంపెనీకి మెయిల్ పెడితే ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి చేర్చే కాగితం, ఇస్తారు, మోటార్ టారిఫ్‌లో ప్యాకేజీ పాలసీకి (సొంత బండి డ్యామేజీ కూడా కలిసినదానికి) దీని రేటు 500 రూపాయలు. ఒక్క బ్యాటరీ ప్యాకే లక్షల్లో ఉన్నప్పుడు ఈ అయిదొందలు మిగుల్చుకుని ఏం చేస్తారో నాకర్థం కాదు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కాగితంలో కూడా బోర్డర్ దాటాక వస్తారో రారో చదవండి.

తమాషా ఏంటంటే అక్కడ ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాల ప్లేటు టూరిస్ట్ బళ్లకి వాడతారు, మన ఈవీ ప్లేటు కూడా అదే రంగు, చెక్‌పోస్ట్‌లో ఒకటికి రెండుసార్లు చూస్తే కంగారు పడకండి.

అపోహ: ఆగిపోతే తాడు కట్టి లాగించుకోవచ్చు.

వద్దు. చక్రాలు తిరిగితే మోటార్ కూడా తిరిగి పాడవ్వచ్చు, తీసుకెళ్తే ఫ్లాట్‌బెడ్ లారీ మీద ఎక్కించే. అసలు ఈవీ దారిలో ఆగిందంటే ఎక్కువసార్లు పెద్ద బ్యాటరీ కాదు, చిన్న 12 వోల్ట్ బ్యాటరీ. అది చచ్చిపోతే పెద్ద దాంట్లో 70 శాతం ఉన్నా బండి లేవదు, చార్జింగ్ కూడా ఎక్కదు. మూడేళ్లు దాటితే మార్పించేసుకుని బయల్దేరండి. చాలా ఈవీలకి స్టెప్నీ ఇవ్వరు, పంక్చర్ కిట్టే ఇస్తారు, సైడ్‌వాల్ కోసుకుంటే ఆ కిట్ దేనికీ పనికిరాదు కాబట్టి టైరొకటి డిక్కీలో వేసుకోండి.

నీళ్ల గురించి కూడా ఒక మాట. ప్యాక్ ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని టెస్ట్ చేసింది కొత్తదాన్ని, కింద రాయి తగిలి సొట్టపడ్డదాన్ని కాదు. అందుకే వెళ్లేముందు బండి లిఫ్ట్ ఎక్కించి కిందభాగం ఫొటోలు తీయించుకోండి, వచ్చాక మళ్లీ తీయించి పక్కపక్కన పెట్టి చూడండి. ఖాట్మండు దారిలో నారాయణ్‌గఢ్, ముగ్లిన్ మధ్య వానాకాలంలో కొండచరియలు మామూలే, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అటు వెళ్లకపోవడమే మంచిది.

డబ్బులకి, 2024 మార్చి నుంచి అక్కడి షాపుల్లో క్యూఆర్‌కి మన యూపీఐ పనిచేస్తోంది. కానీ చార్జింగ్ యాప్‌లో ఓటీపీ కోసం అక్కడి సిమ్ కావాల్సి రావచ్చు, బోర్డర్ దాటగానే ఒకటి కొనండి. మీ కారు యాప్ కూడా ఇండియా నెట్‌వర్క్ సిమ్ మీదే బతుకుతుంది, అవతల చూపించకపోవచ్చు, ఫోన్‌ని నమ్ముకుని తాళంచెవి ఇంట్లో పెట్టి బయల్దేరకండి.