ఒకే ఇంట్లో నాలుగు హోదాలు: అమెరికా వలస చట్టం కుటుంబాన్ని విడదీసిన తీరు

తండ్రి సరిహద్దు దాటి వచ్చాడు. తల్లి పర్యాటక వీసా మీద వచ్చి, గడువు దాటాక ఉండిపోయింది. నాలుగేళ్ల వయసులో ఆమె వెంట వచ్చిన పెద్దకొడుక్కి డాకా, అంటే చిన్నప్పుడు వచ్చినవారికి డిపోర్టేషన్ నుంచి ఇచ్చే తాత్కాలిక రక్షణ, ఉంది. చిన్నవాళ్లిద్దరూ అక్కడే పుట్టిన పౌరులు. అమెరికాలో ఇలాంటి వాటిని మిక్స్‌డ్ స్టేటస్ కుటుంబాలంటారు. అమెరికాలోనే పుట్టి, పత్రాలు లేని తల్లితోనో తండ్రితోనో ఉంటున్న పిల్లలే 40 లక్షలకు పైగా ఉన్నారు. చట్టం కన్నుగప్పడం వల్లే ఈ కుటుంబాలు ఏర్పడ్డాయని చాలామంది అనుకుంటారు. కానీ చట్టాల తేదీలు వరసగా పెట్టి చూస్తే, ఒక్కో సవరణా ఇంట్లో ఒకరికి తలుపు తీసి పక్కవారికి వేసిందని తెలుస్తుంది.

పిల్లల హోదాలో మొదట్నుంచీ గందరగోళం లేదు. అమెరికా గడ్డమీద పుట్టినవారికి పౌరసత్వం 1868 నాటి 14వ రాజ్యాంగ సవరణ ఇచ్చింది. చైనా జాతీయులైన తల్లిదండ్రులకు శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో 1898లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. చిక్కంతా పెద్దవాళ్ల దగ్గరే.

1942లో మొదలైన బ్రసేరో ఒప్పందం కింద మెక్సికో కూలీలు రెండు దశాబ్దాలపాటు అమెరికా పొలాలకు వచ్చిపోయేవారు. 1964లో ఆ ఒప్పందాన్ని ఆపేశారు. 1965 చట్టం అమెరికా ఖండాల దేశాల మీద తొలిసారి సంఖ్యా పరిమితి పెట్టింది. 1968 నుంచి ఆ దేశాలన్నిటికీ కలిపి ఏడాదికి 1,20,000 వీసాలే. పనీ ఆగలేదు, పిలిచే రైతూ ఆగలేదు, వచ్చే దారి మాత్రమే మూసుకుపోయింది. అయినా అప్పట్లో ఒక వెసులుబాటు ఉండేది. ఆ దేశాలవారికి పౌరుడైన బిడ్డ ఉంటే, ఆ బిడ్డ చంటివాడైనా సరే, కార్మిక ధ్రువీకరణ (ఆ పనికి అమెరికన్లు దొరకడం లేదన్న ప్రభుత్వ ధ్రువీకరణ) లేకుండానే వీసా వరసలో నిలబడవచ్చు. 1976 సవరణ దాన్నీ తీసేసింది. తల్లిదండ్రుల కోసం పిటిషన్ వేయాలంటే బిడ్డకు 21 ఏళ్లు నిండాలన్నది అప్పటినుంచి అందరికీ ఒకటే నియమం. పౌరసత్వాన్ని ఎరగా వాడుకోవడానికే పిల్లల్ని కంటారన్న నింద ఇప్పటికీ వినిపిస్తుంది. ఇరవయ్యొక్కేళ్లు ఎదురుచూడాల్సిన దాన్ని ఎర అనడం అన్యాయం.

1986లో రీగన్ సంతకం చేసిన చట్టం దాదాపు 27 లక్షలమందికి హోదా ఇచ్చింది. అందులో ప్రధాన మార్గానికి 1982 జనవరి 1కి ముందు నుంచీ దేశంలో ఉండటం షరతు. దాన్ని కుటుంబానికి కాక మనిషికి వర్తింపజేశారు. భర్త 1981లో వచ్చి భార్య 1983లో వస్తే, ఆయనకు హోదా, ఆమెకు డిపోర్టేషన్ భయం. ఆ పొరపాటును 1987, 1990లలో పరిపాలనా ఉత్తర్వులతోనూ, ఆ తర్వాత 1990 చట్టంతోనూ కొంతవరకు సరిదిద్దారు.

అసలు బిగింపు 1996లో వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబర్ 30న క్లింటన్ సంతకం చేసిన చట్టంలోని ఒక నిబంధన ఇప్పటి కథకంతటికీ మూలం. హోదా లేకుండా 180 రోజులు దాటి ఉండి, కేసు మొదలవకముందే తనంతట తాను దేశం విడిచివెళితే మూడేళ్లు, ఏడాది అంతకు మించి ఉండి వెళితే పదేళ్లు తిరిగి రాకూడదు. లెక్క 1997 ఏప్రిల్ 1 నుంచి. 18 ఏళ్లలోపు గడిపిన కాలం ఈ లెక్కలోకి రాదు. నిషేధం మొదలయ్యేది ఉన్నందుకు కాదు, వెళ్లినందుకు. పత్రాలు సరిచేసుకుందామని బయటికి వెళ్లినవారే ఇందులో ఇరుక్కుంటారు.

పై కుటుంబాన్నే తీసుకోండి. మూడోవాడికి 21 నిండాయి, అమ్మానాన్నలిద్దరికీ ఐ-130 పిటిషన్ (బంధువుల గ్రీన్ కార్డ్ కోసం పౌరులు వేసేది) వేశాడు. తల్లి విమానాశ్రయంలో తనిఖీ దాటి వచ్చింది కాబట్టి, గడువు దాటి ఎన్నేళ్లున్నా, వేరే అడ్డంకులు లేకపోతే, దేశంలోనే గ్రీన్ కార్డ్ అడగవచ్చు. తండ్రి తనిఖీ లేకుండా వచ్చాడు. ఆయన స్వదేశంలోని అమెరికా కాన్సులేట్‌కు వెళ్లి ఇంటర్వ్యూ ఇవ్వాలి. మెక్సికో వాళ్లకైతే సియుదాద్ హువారెజ్. సరిహద్దు దాటిన క్షణాన పదేళ్ల నిషేధం పడుతుంది. బిడ్డ ఒకడే, పిటిషన్లూ ఒకటే రకం, ఫలితాలు మాత్రం రెండు.

ఆ నిషేధం నుంచి మినహాయింపు అడగవచ్చు. అందుకు ‘తీవ్రమైన కష్టం’ రుజువు చేయాలి. ఎవరి కష్టం? పౌరులు లేదా గ్రీన్ కార్డ్ ఉన్న భార్య, భర్త, తల్లి, తండ్రి కష్టమే లెక్క. పిల్లల కష్టం నేరుగా చెల్లదు. నాన్న లేకపోతే బిడ్డ ఏమవుతాడో చెప్పాలన్నా, దానివల్ల తల్లి ఎంత నలిగిపోతుందో చూపిస్తూ చెప్పాల్సిందే. ఈ చట్టంలో మనసును అన్నిటికన్నా కలచివేసేది ఇదే. పై ఇంట్లో ముందు తల్లికి గ్రీన్ కార్డ్ వస్తే, అప్పుడు ఆమె కష్టం చూపి తండ్రి దరఖాస్తు పెట్టవచ్చు. ఆ వరస తెలియక ఇద్దరూ ఒకేసారి కదిలితే దెబ్బతింటారు.

2013 మార్చి నుంచి ఈ మినహాయింపును దేశం విడవకముందే ఐ-601ఏ ఫారంతో అడిగే వీలు వచ్చింది. 2016లో దాన్ని మరికొందరికి విస్తరించారు. నిర్ణయానికి ఏళ్లు పడుతుంది. ఆమోదం వచ్చినా అది గడువు దాటి ఉన్న తప్పుకే వర్తిస్తుంది. కాన్సులేట్‌లో మరో అడ్డంకి బయటపడితే ఆ ఆమోదం రద్దవుతుంది. సాధారణంగా బయటపడేవి రెండు. ఒకటి, మొత్తం ఏడాదికి పైగా హోదా లేకుండా ఉండి, వెళ్లి, మళ్లీ తనిఖీ లేకుండా రావడం. తల్లి చనిపోతే చూడటానికి వెళ్లొచ్చినా అంతే. దానికి శాశ్వత నిషేధం, బయట పదేళ్లు గడిపాకే అనుమతి అడగాలి. రెండోది, ఉద్యోగంలో చేరేటప్పుడు ఐ-9 ఫారంలో ‘పౌరుణ్ణి’ అన్న గడిలో టిక్కు పెట్టడం. 1996 సెప్టెంబర్ 30 తర్వాత పౌరుణ్ణని అబద్ధం చెబితే గ్రీన్ కార్డ్‌కు జీవితాంతం అడ్డు, దాదాపు మినహాయింపే లేదు.

పాత కాగితాలు పారేయొద్దని వకీళ్లు చెప్పేది ఇందుకే. 1994లో వచ్చిన 245(ఐ) సెక్షన్ కింద 1,000 డాలర్ల అపరాధ రుసుము కడితే తనిఖీ లేకుండా వచ్చినవారు కూడా దేశంలోనే గ్రీన్ కార్డ్ పొందవచ్చు. 2001 ఏప్రిల్ 30లోపు వారి పేరిట ఎవరైనా, అన్నయినా యజమానైనా, పిటిషన్ వేసి ఉండాలి. 1998 జనవరి 14 తర్వాత వేసిందైతే, 2000 డిసెంబర్ 21న దేశంలో ఉన్నట్టు రుజువూ కావాలి. ఆ పాత రసీదు ఈనాటికీ పనిచేస్తుంది.

కోర్టులో డిపోర్టేషన్ ఆపుకునే దారినీ 1996 చట్టమే ఇరుకు చేసింది. అంతకుముందు చాలామందికి ఏడేళ్ల నివాసం, తనకో కుటుంబానికో తీవ్ర కష్టం చూపిస్తే చాలు. తర్వాత పదేళ్లు కావాలి, పౌరులో గ్రీన్ కార్డ్ ఉన్నవారో అయిన భార్యాభర్తలకు, తల్లిదండ్రులకు, పిల్లలకు ‘అసాధారణమైన, మిక్కిలి అరుదైన’ కష్టం చూపాలి. ఇక్కడ పిల్లల్ని లెక్కలోకి తీసుకుంటారు, కానీ దేశమంతటికీ ఏడాదికి 4,000 మందికే.

ఆ తర్వాతి ప్రయత్నాలు చాలావరకు అధ్యక్ష ఉత్తర్వులే, కాబట్టే నిలకడ లేదు. 2012 జూన్ 15న ప్రకటించిన డాకా పెద్దకొడుకులాంటివారికి పని అనుమతి ఇచ్చింది, హోదా ఇవ్వలేదు. పౌరులైన పిల్లల తల్లిదండ్రులకు 2014లో ప్రకటించిన డాపా అమల్లోకే రాలేదు. 2016లో సుప్రీంకోర్టు 4-4గా చీలడంతో కింది కోర్టు స్టే మిగిలింది. పౌరుల భార్యాభర్తలు దేశం విడవకుండానే దరఖాస్తు చేసే పథకం 2024 ఆగస్టులో మొదలై నవంబర్‌లో టెక్సస్ ఫెడరల్ కోర్టులో కొట్టివేతకు గురైంది.

ఇంకోపక్క పట్టుకునే యంత్రాంగం పెరిగింది. 2008 మేలో అయోవాలోని పోస్ట్‌విల్ మాంసం కర్మాగారంలో 389 మందిని అరెస్టు చేశారు. 2019 ఆగస్టు 7న మిసిసిపీ కోళ్ల ప్లాంట్లలో సుమారు 680 మందిని పట్టుకున్నారు. అక్కడ కొందరు పిల్లలకు అది బడి తెరిచిన మొదటిరోజు. 2025 జనవరిలో బడులు, ఆసుపత్రులు, ప్రార్థనా స్థలాల దగ్గర అరెస్టులపై ఉన్న పరిమితులను ఎత్తేశారు. అదే ఏడాది జులై చట్టం నిర్బంధ కేంద్రాలకు 4,500 కోట్ల డాలర్లు కేటాయించింది. సెప్టెంబర్‌లో వలస అప్పీళ్ల బోర్డు, తనిఖీ లేకుండా వచ్చినవారికి బెయిలు ఇచ్చే అధికారం వలస జడ్జీలకు లేదంది. దాన్ని పలువురు ఫెడరల్ జడ్జీలు ఒప్పుకోలేదు.

డబ్బు లెక్కల్లోనూ ఇదే చీలిక. 2020 మార్చి కోవిడ్ సాయంలో, సోషల్ సెక్యూరిటీ నంబర్ లేని భార్యతో కలిపి పన్ను రిటర్న్ వేసిన పౌరుడికి కూడా 1,200 డాలర్లు రాలేదు. డిసెంబర్‌లో సవరించారు. 2025 చట్టం ప్రకారం, బిడ్డ పౌరుడైనా, రిటర్న్ వేసే తల్లిదండ్రుల్లో కనీసం ఒక్కరికి ఆ నంబర్ లేకపోతే చైల్డ్ టాక్స్ క్రెడిట్ (పిల్లల పేరిట ఇచ్చే పన్ను రాయితీ) లేదు.

అరెస్టు జరిగిన రోజు ఇంట్లో ఏముందన్నదే పిల్లల గతిని నిర్ణయిస్తుంది. నిర్బంధంలో ఉన్నవారిని వలస చట్టాలు అమలుచేసే సంస్థ ఐసీఈ ఆన్‌లైన్ లొకేటర్‌లో వెతకడానికి ఏ-నంబర్ (వలస శాఖ ఒక్కొక్కరికి ఇచ్చే గుర్తింపు సంఖ్య), పుట్టిన దేశం ఉంటే సులువు. పేరు స్పెల్లింగ్‌తో వెతికితే తరచూ దొరకరు. మనిషిని వేరే రాష్ట్రానికి మార్చేస్తే సంతకాలు తీసుకోవడం కష్టం. 16 ఏళ్లలోపు బిడ్డకు అమెరికా పాస్‌పోర్ట్ కావాలంటే తల్లిదండ్రులిద్దరూ రావాలి, రాలేనివారు నోటరీ ముందు డీఎస్-3053 ఫారంపై సంతకం చేయాలి. నిర్బంధ కేంద్రంలోకి నోటరీని రప్పించడానికి వారాలు పడుతుంది. ఆలోగా బిడ్డను వెంట తీసుకుపోయే అవకాశం తప్పిపోవచ్చు. బిడ్డను ఎవరు చూసుకుంటారన్న అధికారపత్రం ముందే రాసి ఉంచాలి. దాని పేరూ పద్ధతీ రాష్ట్రాన్నిబట్టి మారతాయి. కాలిఫోర్నియాలో చూసుకునే బంధువే అఫిడవిట్ మీద సంతకం చేసి బడిలో, ఆసుపత్రిలో చూపవచ్చు.

అదేమీ లేక బిడ్డ ఫాస్టర్ కేర్‌లోకి, అంటే ప్రభుత్వం ఏర్పాటు చేసే తాత్కాలిక సంరక్షణలోకి, వెళితే మరో గడియారం మొదలవుతుంది. 1997 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, గత 22 నెలల్లో 15 నెలలు ఫాస్టర్ కేర్‌లో గడిస్తే తల్లిదండ్రుల హక్కుల రద్దుకు రాష్ట్రం పిటిషన్ వేయాలి. బిడ్డ బంధువుల దగ్గర ఉన్నప్పుడు దాన్ని ఆపే వీలుంది. వలస కేసు ఎంతకాలం సాగుతుందో ఈ లెక్క పట్టించుకోదు. కుటుంబ కోర్టు వాయిదా నోటీసు పాత ఇంటి చిరునామాకే పోతుంది. అందుకే నిర్బంధంలో ఉన్నవారు బిడ్డ కేసు చూసే సామాజిక కార్యకర్త పేరు, కోర్టు కేసు నంబర్ తెలుసుకుని, ఫోన్‌లోనైనా విచారణకు హాజరవుతామని రాతపూర్వకంగా అడగాలి.