కతోలిక బాలుర పాఠశాలలో విశ్వాస జీవితం: అపోహలు - వాస్తవాలు

కతోలిక బాలుర పాఠశాలలో ప్రార్థనలు, ధ్యానకూటాలు (ఒకచోట బస చేసి ప్రార్థనలో గడిపే శిబిరాలు), సేవా కార్యక్రమాలు నడిపించే బాధ్యతలో నేను చాలా ఏళ్లుగా ఉన్నాను. నేను ఫాదర్‌నూ కాను, బ్రదర్‌నూ కాను. పాఠాలు చెప్పుకునే ఉపాధ్యాయుణ్ణి. పిల్లవాణ్ణి చేర్పించే ముందు తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు దాదాపు ఏటా అవే. వాటి వెనుక ఉన్న నమ్మకాల్లో కొన్ని ఉత్త అపోహలు, ఒకటి రెండింటిలో మాత్రం నిజం పాలు ఉంది. ఏది ఎంతవరకు నిజమో చెప్పడం కూడా నా బాధ్యతే అనుకుంటాను.

అపోహ: ఇతర మతాల పిల్లలను మెల్లగా మతం మార్చడానికే ఈ కార్యక్రమాలు.

వాస్తవం: విశ్వాసం విషయంలో ఎవరినీ బలవంతపెట్టరాదని కతోలిక బిషప్పుల ప్రపంచ సమావేశమైన రెండవ వాటికన్ మహాసభ 1965 డిసెంబరు 7న వెలువరించిన మత స్వేచ్ఛా ప్రకటన స్పష్టంగా చెప్పింది. 1983 నాటి శ్రీసభ (కతోలిక చర్చి) చట్టంలోని 748వ నిబంధన దాన్నే చట్టంగా మార్చింది. ‘మా అబ్బాయి చేత ప్రసాదం తినిపిస్తారా’ అని కొందరు మొహమాటపడుతూ అడుగుతారు. క్రైస్తవులు కానివారికి దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో (మాస్‌లో) క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పం, ఇవ్వడాన్ని మా నిబంధనలే ఒప్పుకోవు కాబట్టి, అలా తినిపిస్తే తప్పు చేసినవాళ్లం మేమే అవుతాం. చాలా పాఠశాలల్లో సత్ప్రసాదం తీసుకోని పిల్లలు చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని వరుసలో వస్తే ఫాదర్ ఆశీర్వదించి పంపిస్తారు, రావడం ఇష్టం లేనివారు తమ చోటనే కూర్చుంటారు. అయితే, కూర్చున్నవాడిని తోటివాళ్లు వింతగా చూస్తే ఆ స్వేచ్ఛ కాగితానికే పరిమితమవుతుంది. అందుకే ఏడాదిలో మొదటి పూజకు ముందు, కూర్చుని ఉండటం అమర్యాద కాదని నేను తరగతి మొత్తానికి చెబుతాను. ఈ ఒక్క మాట చెప్పడం మరచిన సంవత్సరం, ఒక కుర్రవాడు నెలల తరబడి పూజ రోజున బడి మానేశాడు.

పాఠశాల అంతా ఫాదర్ల చేతిలోనే నడుస్తుందనేది మరో అపోహ. దీని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. డి లా సాల్ అనే ఫ్రెంచ్ ఫాదర్ 1680లో ప్రారంభించిన సభ సభ్యులు, 1817లో పుట్టిన మరిస్ట్ సభ సభ్యులు ప్రధానంగా బోధనకు అంకితమైన బ్రదర్లే, పూజ చేసే అభిషేకం పొందినవారు కారు. ఇప్పుడు అనేక పాఠశాలల్లో ఆధ్యాత్మిక కార్యక్రమాల భారం కూడా నాలాంటి గృహస్థులే మోస్తున్నారు.

అపోహ: మగపిల్లలకు ప్రార్థన ఒంటబట్టదు, మనసులో మాట వాళ్ల చేత చెప్పించలేం.

నేను కూడా మొదట్లో అలాగే నమ్మాను, ఆ నమ్మకానికి కారణం నా పద్ధతే. పదిహేనేళ్ల కుర్రవాళ్లను గుండ్రంగా కూర్చోబెట్టి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, ‘మీ మనసులో ఏముందో చెప్పండి’ అనేవాణ్ణి. కొందరు ముసిముసిగా నవ్వేవారు, మిగిలినవాళ్లు నేల చూపులు చూసేవారు. ఒక ధ్యానకూటంలో వంటమనిషి రాకపోవడంతో రాత్రి భోజనాల తరువాత అంట్లు మేమే తోమాల్సి వచ్చింది. నా పక్కన నిలబడి గిన్నెలు కడుగుతున్న ఒక అబ్బాయి, నా వైపు చూడకుండానే, వాళ్ల నాన్న జబ్బు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. రెండు రోజులుగా గుండ్రంగా కూర్చున్నప్పుడు నోరు విప్పనివాడు అరగంట మాట్లాడాడు. ఎదురుగా కూర్చోబెడితే బిగుసుకుపోయే పిల్లలు పక్కపక్కన పని చేస్తున్నప్పుడు మాట్లాడతారని నాకు ఆ రాత్రి అర్థమైంది. అప్పటినుంచి ధ్యానకూటంలో అంట్లు తోమే పని వేరెవరికీ అప్పగించడం లేదు.

మౌనం కూడా అలవాటు చేస్తే వస్తుంది. యేసుసభ (జెస్యూట్ సభ) స్థాపకుడు లొయోలా ఇగ్నేషియస్ నేర్పిన ఆత్మపరిశీలనను ఆ సభ పాఠశాలల్లో రోజు చివర కొద్ది నిమిషాల సాధనగా చేయిస్తారు: ఈ రోజు దేనికి కృతజ్ఞత చెప్పాలి, ఎక్కడ తప్పాను, రేపు ఏం చేయాలి. చిన్న తరగతుల్లో నేను ఒక్క నిమిషంతో మొదలుపెడతాను. మొదటి వారం ఆ నిమిషమంతా దగ్గులతోనే గడిచిపోతుంది. నెల తిరిగేసరికి, గంట ముందే కొట్టారేమిటని అడిగేవారు తయారవుతారు. ఇతర మతాల పిల్లలు ఇదే నిమిషాన్ని తమ పద్ధతిలో ప్రార్థించుకోవడానికి వాడుకుంటారు, కొందరు ఊరికే కళ్లు మూసుకుంటారు, నేనేమీ అడగను.

అపోహ: పాపసంకీర్తనంలో (తన తప్పులను ఫాదర్‌కు రహస్యంగా చెప్పుకోవడంలో) చెప్పిన మాట ప్రధానోపాధ్యాయుడికి చేరుతుంది.

వాస్తవం: పాపసంకీర్తన రహస్యాన్ని ఏ కారణంతోనూ బయటపెట్టరాదని శ్రీసభ చట్టంలోని 983వ నిబంధన శాసిస్తుంది. చాలామందికి తెలియనిది 985వ నిబంధన. విద్యాసంస్థకు అధిపతి అయిన ఫాదర్, తనతో పాటు అదే వసతిలో నివసించే విద్యార్థులు తమంతట తాము కోరితే తప్ప, వారి పాపసంకీర్తనం వినకూడదు. శిక్షించే అధికారం, క్షమాపణ వినే చెవి ఒకే మనిషికి ఉంటే పిల్లవాడు స్వేచ్ఛగా మాట్లాడలేడు కదా! నాలాంటి ఉపాధ్యాయుడితో మాట్లాడటం మాత్రం వేరు. పిల్లవాడికి ప్రమాదం ఉందని తెలిస్తే నేను దాచలేను, ఆ మాట సంభాషణ మొదలుపెట్టే ముందే చెప్పేస్తాను.

అపోహ: ఇక్కడ క్రమశిక్షణ అంటే బెత్తమే.

బాలుర విద్యకు అంకితమైన ఇటలీ ఫాదర్ డాన్ బాస్కో 1877లో తన నివారణ పద్ధతిని వివరిస్తూ రాసిన చిన్న వ్యాసంలో దాన్ని మూడింటి మీద నిలబెట్టాడు: హేతువు, మతం, ఆప్యాయత. తప్పు జరిగాక శిక్షించడం కంటే తప్పు జరగకుండా పిల్లల మధ్యనే ఉండటం మేలన్నది ఆయన అభిప్రాయం. ఆచరణ అన్నిచోట్లా అలా లేదు. కొన్ని కతోలిక సంస్థల్లో పిల్లలపై అకృత్యాలు జరిగాయి, వాటిని కప్పిపుచ్చారు. దీన్ని అపోహల జాబితాలో చేర్చి తుడిచేయడం అన్యాయం. 2019లో పోప్ ఫ్రాన్సిస్ జారీ చేసిన ఆదేశం ఇటువంటి విషయాలను శ్రీసభ అధికారులకు నివేదించడం ఫాదర్లకు, మఠసభల సభ్యులకు తప్పనిసరి చేసింది. చేర్పించే ముందు తల్లిదండ్రులు మొహమాటం లేకుండా అడగాలి: పెద్దవాళ్లు పిల్లవాడితో ఏకాంతంగా మాట్లాడే గదికి అద్దం తలుపు ఉందా? ధ్యానకూటంలో రాత్రి ఎవరు ఎక్కడ పడుకుంటారు? ఫిర్యాదు పాఠశాల బయట ఎవరికి ఇవ్వాలి? ఈ ప్రశ్నలకు చిరాకుపడే పాఠశాలను నేనైతే నమ్మను.

సేవా కార్యక్రమాలు సర్టిఫికెట్ కోసమే అన్న మాటలో సగం నిజం ఉందని ఒప్పుకుంటాను. యేసుసభ అధిపతి పెద్రో అర్రూపే 1973లో వలెన్సియాలో పూర్వ విద్యార్థులతో, ఇతరుల కోసం జీవించే మనుషులను తయారుచేయడమే మా విద్య లక్ష్యమని చెప్పినప్పుడు ఆయన మనసులో గంటల లెక్క లేదు. మా దగ్గర గంటలు రాసుకునే పత్రం ఉంది. పిల్లలు ముందుగా వెతికేది దాన్నే. నేను చేసిన మార్పు చిన్నదే: ఒక జట్టు ఏడాది పొడవునా ఒకే వృద్ధాశ్రమానికి వెళ్తుంది, ప్రతిసారీ అదే పెద్దాయన పక్కన అదే కుర్రవాడు కూర్చుంటాడు. గంటలు పూర్తయ్యాక రానక్కరలేదని చెప్పినా కొందరు వస్తారు. వాళ్లు ఎందుకు వచ్చారో నేను పత్రంలో రాయించను.