విషం నుంచి కాపాడే సూటే వడదెబ్బ తెస్తుంది

భోపాల్ యూనియన్ కార్బైడ్ ఆవరణలో ఏళ్ల తరబడి పడి ఉన్న 337 టన్నుల విషవ్యర్థాలను 2025 జనవరి 1 రాత్రి 12 కంటెయినర్లలో మధ్యప్రదేశ్‌లోనే ఉన్న పీథంపూర్ దహన కేంద్రానికి తరలించారు. వాటిని ప్యాక్ చేసి లారీలకు ఎక్కించడానికి సుమారు వందమంది 30 నిమిషాల షిఫ్టుల్లో పనిచేశారు. చలికాలంలోనైనా ఇలాంటి పనికి అరగంట తక్కువేమీ కాదు.

రసాయనాలను లోపలికి రానివ్వని సూట్ చెమట ఆవిరిని బయటికి పోనివ్వదు. చెమట కారుతూనే ఉంటుంది కానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. పైగా బూట్లు, రెండు జతల గ్లౌజులు, వీపున గాలి సిలిండర్. కార్ట్రిడ్జ్ మాస్కు గాలిని వడకడుతుందే తప్ప ఆక్సిజన్ ఇవ్వదు. అందుకే ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తగ్గే గుంటల్లో, ట్యాంకుల్లో సిలిండర్ తప్పనిసరి. దాని మీద 30 నిమిషాలని రాసి ఉన్నా, పారతో తవ్వుతూ రొప్పే మనిషికి అంతసేపు రాదు.

కార్మికుల భద్రత, ఆరోగ్యం చూసే నియోష్, ఓషా తదితర అమెరికా సంస్థలు 1985లో కలిసి తెచ్చిన మార్గదర్శిలో సూట్ వేసుకుని ఎంతసేపు పనిచేయవచ్చో పక్కా లెక్క ఉంది. పని ఆపి కూర్చోగానే నాడి చూడాలి. నిమిషానికి 110 దాటితే విశ్రాంతిని తగ్గించకుండా తర్వాతి విడత పనిని మూడో వంతు కోయాలి. నీళ్లు తాగకముందే నోట్లో థర్మామీటర్ పెట్టి చూడాలి. 37.6 డిగ్రీలు దాటినా అదే కోత. 38.1 దాటితే ఆ సూట్‌తో మళ్లీ పనిలోకి పంపకూడదు. చెమట రూపంలో పోయే బరువు రోజు మొత్తానికి ఒంటి బరువులో 1.5 శాతం మించకూడదు.

ఎండను లెక్కలో కలుపుకున్నాక ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటితే, గాలి చొరని సూట్‌లో ఉన్నవారిని ప్రతి 15 నిమిషాలకూ పరీక్షించాలి. మబ్బు లేకపోతే గాలి ఉష్ణోగ్రతకు సుమారు 7 డిగ్రీలు కలపాలి. అంటే నీడలో 25 డిగ్రీలున్న రోజున కూడా గండం మొదలైనట్టే. రామగుండం మే నెల ఎండలో పట్టపగలు ఇలాంటి సూట్ వేయించడం నా దృష్టిలో నేరం. ఆ పని తెల్లవారుజామునో రాత్రో జరగాలి. రోజుకు ఇన్ని టన్నులు ఎత్తాలని కాంట్రాక్టరు పట్టుబట్టే చోట నాడి చూసే తీరిక ఎవరికీ దొరకదు. అందుకే ఆ కొలతలు తీసుకునే మనిషి కాంట్రాక్టరు చేతికింద ఉండకూడదు.

వేడికి తల తిరిగితే విప్పే క్రమం కూడా తప్పుతుంది. ముందు పై బూట్లు, పై గ్లౌజులు కడిగి, టేపు పీకి వాటిని విప్పాలి. తర్వాత సూట్‌ను కడిగి, లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టుకుంటూ దించాలి. మాస్కు ఆ తర్వాతే, లోపలి గ్లౌజులు అన్నింటికన్నా చివర. ఊపిరాడని కూలీ మొదట లాగేసేది మాస్కునే. సరిగ్గా అప్పుడే సూట్ మీది దుమ్ము లేచి ముక్కులోకి పోతుంది.

ఎవరైనా స్పృహ తప్పి పడిపోయి, ఒళ్లు కాలిపోతుంటే ఈ క్రమం కోసం ఆగకూడదు. సూట్‌ను కత్తిరించి తీసేసి, వెంటనే ఒంటిమీద నీళ్లు పోసి చల్లబరచాలి. ఆ తర్వాత దుప్పటి పరిచి అంబులెన్సు ఎక్కించాలి. అతని ఒంటిమీద ఏ రసాయనం ఉండే అవకాశం ఉందో ఆసుపత్రికి ముందే ఫోన్ చేసి చెప్పాలి.