వేట ఆగినప్పుడు విప్పే కంప్రెసర్

ఏప్రిల్ 15 వస్తే మన తీరంలో మరబోట్లు ఒడ్డుకు చేరతాయి. జూన్ 14 దాకా, 61 రోజులు వేట ఉండదు. జువ్వలదిన్నెలోనైనా కృష్ణపట్నంలోనైనా ఆ రోజుల్లో వలలు అల్లుకునేవాళ్ళు, బోట్లకు రంగులేసుకునేవాళ్ళు కనిపిస్తారు. ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసే మాకు మాత్రం అసలు పని అప్పుడే మొదలవుతుంది. రొయ్యల చెరువుల పట్టుబళ్ళకు ఐసు కావాలి కాబట్టి ఫ్యాక్టరీని పూర్తిగా ఆపం. ఒక కంప్రెసర్ నడుస్తుంటే రెండోదాన్ని విప్పుతాం.

1842లో మద్రాసు సముద్రపు ఒడ్డున ఐస్ హౌస్ కట్టారు. అందులో దాచిన ఐసు అమెరికాలో చెరువులు గడ్డకట్టినప్పుడు కోసి, ఓడల్లో తెచ్చినది. ఇప్పుడు మే నెల ఎండల్లో నెల్లూరు జిల్లాలోనే దిమ్మలు తీస్తున్నామంటే అది అమ్మోనియా చలవ. మామూలు గాలి ఒత్తిడిలో అది మైనస్ 33 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. మరగడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న ఉప్పునీళ్ళ నుంచి లాక్కుంటుంది. ఉప్పు ఉండబట్టి ఆ నీళ్ళు మైనస్ 10కి దిగినా గడ్డకట్టవు. వాటిలో ముంచిన డబ్బాల్లోని మంచినీళ్ళు దిమ్మ కడతాయి. నష్టాలేవీ లేవనుకుంటే కిలో అమ్మోనియా ఒకసారి మరిగి ఆవిరైతే రెండు కిలోల పైచిలుకు ఐసు తయారవుతుంది.

ఆ ఆవిరిని మళ్ళీ ద్రవం చేయాలి. కంప్రెసర్ చేసేది ఆ పనే. పీల్చేవైపు ఒత్తిడి చూపే గేజీ చదరపు అంగుళానికి 20 పౌండ్లు చూపిస్తుంటే, వదిలేవైపు 200 పౌండ్ల దాకా నొక్కుతుంది. అంతగా నొక్కితే మన ఊరి ఎండలో, మామూలు నీళ్ళు చల్లినా సరే, ఆవిరి వేడి వదిలేసి ద్రవమైపోతుంది.

ఈసారి మేం విప్పినదానికి రోగం ఉందని ముందే తెలుసు. ఒక సిలిండర్ హెడ్డు పక్కదానికంటే బాగా వేడెక్కుతోంది. యంత్రం ఆపి పీల్చేవైపు వాల్వు మూసి చూస్తే, లోపలి గేజీ సూది రెండు నిమిషాల్లోనే చకచకా పైకి లేస్తోంది. వదిలేవైపు ఉండాల్సిన గ్యాస్ వెనక్కి జారుతోందన్నమాట. కరెంటు బిల్లు తగ్గలేదు, దిమ్మ కట్టడానికి మాత్రం అదనంగా గంటలు పడుతోంది.

విప్పేముందు ద్రవం వచ్చే లైను మూసి, కంప్రెసర్‌తోనే తన కడుపులోని గ్యాస్‌ను లాగించాలి. ఆ తర్వాత రెండువైపులా వాల్వులు బిగించి, మిగిలిన కాస్తా రబ్బరు గొట్టం గుండా నీళ్ళ డ్రమ్ములోకి వదులుతాం. అమ్మోనియాను నీళ్ళు ఎంత ఇష్టంగా తాగేస్తాయంటే, మామూలు వేడిలో లీటరు నీళ్ళు దాదాపు అర కిలో గ్యాస్ పీల్చుకోగలవు. ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. లోపలి ఒత్తిడి పడిపోగానే అవే నీళ్ళు గొట్టంలోంచి వెనక్కి కంప్రెసర్‌లోకి ఎక్కేస్తాయి. బుడగలు ఆగకముందే వాల్వు కట్టేయాలి. మా మేస్త్రి కొత్త కుర్రాళ్ళకు మొదట చెప్పే మాట ఒకటే: "పానా తర్వాత పట్టుకుందువులే అబ్బయా, ముందు గాలి యాడ నుంచి వస్తుండాదో చూసుకో." గాలి వచ్చేవైపున, తలుపు దగ్గరగా నిలబడాలి, మాస్కు అందుబాటులో ఉండాలి. అది తెలియనివాళ్ళు బోల్టు మీద చెయ్యి వేయకూడదని నేను గట్టిగా అంటాను.

హెడ్డు తీశాక కింద బలమైన స్ప్రింగు కనబడుతుంది. దాని కిందే వాల్వుల బోను ఉంటుంది. ఆవిరి నలుగుతుంది గానీ ద్రవం నలగదు. పొరపాటున ద్రవ అమ్మోనియా సిలిండర్‌లోకి వస్తే పిస్టన్ బండరాయిని గుద్దినట్టే. అప్పుడు ఈ స్ప్రింగు నొక్కుకుని, బోను పైకి లేచి దారి ఇస్తుంది. బయటికి టకటకమని చప్పుడు వినిపిస్తుంది.

బోనులోంచి తీసిన వాల్వు ప్లేటును అరచేతిలో పెట్టుకుని చూశాను. పలుచటి ఉక్కు చక్రం, చేతి గాజులాంటిది. నిమిషానికి కొన్ని వందలసార్లు లేచి పడుతుంది. గుడ్డతో నూనె తుడిచి, అంచు మీద గోటితో మెల్లగా గీస్తే ఒకచోట గోరు ఆగింది. వెంట్రుకంత పగులు. దాని చుట్టూ కాలిన నూనె నల్లగా పెంకు కట్టింది. ఆ సందులోంచి వేడి గ్యాస్ వెనక్కి వచ్చి, అదే గ్యాస్ మళ్ళీ నలిగి, ఇంకా వేడెక్కుతోంది. ప్లేటు కూర్చునే గట్టును అద్దం పలక మీద అరగదీసే పేస్టు రాసి, ఎనిమిది అంకె తిప్పినట్టు తిప్పుతూ రుద్దాం. బూడిదరంగు ఎక్కడా తెగకుండా చుట్టూ ఒకేలా వచ్చేదాకా రుద్దాల్సిందే. పూట పట్టింది.

కొత్త ప్లేటు వేసి మూసేస్తే సరిపోతుందా? కొన్నేళ్ళ కిందట ఇంకో ఫ్యాక్టరీలో అలాగే మూసేశాం. నెల తిరక్కుండా మళ్ళీ పగిలింది. ఉప్పునీళ్ళలో ఉండే పైపు చుట్టలకు, అంటే కాయిల్స్‌కి, ద్రవం ఎక్కువ వదులుతున్నారు, అది మరిగే వీల్లేక కంప్రెసర్ దాకా వస్తోంది. దాన్ని చూడకుండా ప్లేటు మీద నేరం మోపాం. అప్పటినుంచి పగిలిన ప్లేటు కనిపిస్తే ముందు ద్రవం వదిలే వాల్వు దగ్గరికి నడుస్తాను. కాయిల్స్ అడుగున చేరిన నూనె కూడా తీయించాలి. అమ్మోనియాలో ఆ నూనె కలవదు, పైగా బరువు. కిందకు దిగి పైపు గోడలకు పూత కడుతుంది. ఉప్పునీళ్ళ వేడి లోపలికి చేరదు, ద్రవం మరగకుండానే ముందుకు వస్తుంది.

రింగులు, బేరింగులు మామూలే, అరిగినవి మార్చాం. సీసం తీగ సంగతి మాత్రం చెప్పాలి. పిస్టన్ నెత్తిన చిన్న ముక్క పెట్టి, హెడ్డు బిగించి, చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పి మళ్ళీ విప్పుతాం. నలిగిన తీగ మందమే పిస్టన్‌కూ ప్లేటుకూ మధ్య మిగిలిన సందు. ఆ సందులో చిక్కుకున్న గ్యాస్, పిస్టన్ దిగేటప్పుడు దాదాపు నాలుగు రెట్లు ఉబ్బుతుంది. అది ఆక్రమించినంత చోటు కొత్త గ్యాస్‌కు దక్కదు. సందు ఎక్కువైతే ఐసు తగ్గుతుంది, మరీ తక్కువైతే లోహం లోహాన్ని కొడుతుంది. గ్యాస్కెట్ మందం మార్చి దాన్ని సరిచేశాం.

మూసి, గాలి లాగేసి, గ్యాస్ వదిలాక గంధకం పుల్ల వెలిగించి ప్రతి జాయింటు చుట్టూ తిప్పాం. ఎక్కడ కారినా చిక్కటి తెల్లపొగ లేస్తుంది. షాఫ్ట్ సీల్ దగ్గర సన్నగా లేచింది. బిగించాక ఆగింది. చేత్తో మూడు చుట్లు తిప్పి చూసి, బెల్టులు వేసి, మోటారు ఆన్ చేశాం. సాయంత్రం ఆపి, పీల్చేవైపు వాల్వు కట్టి గేజీ ముందు కూర్చున్నాం. పావుగంట గడిచినా సూది ఒక గీత కూడా దాటలేదు.