ఏఆర్-15 మ్యాగజైన్లు: రేంజ్‌లో తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది గ్రీన్‌కార్డో, సిటిజన్‌షిప్పో వచ్చాక మొదటిసారి తుపాకీ కొంటున్నారు. అందులో ఏఆర్-15 రైఫిల్ కొనేవాళ్లూ తక్కువేమీ కాదు. నేను ఇక్కడ ఒక షూటింగ్ రేంజ్‌లో సేఫ్టీ ఆఫీసర్‌గా పనిచేస్తాను, రైఫిళ్ల చిన్నాచితకా రిపేర్లు కూడా చూస్తాను. ఏ రైఫిల్ కొనాలా అని నెలల తరబడి వీడియోలు చూసినవాళ్లు కూడా మ్యాగజైన్, అంటే తూటాలు నింపి రైఫిల్‌కి తగిలించే డబ్బా, దగ్గరికొచ్చేసరికి చేతికి దొరికింది తీసుకుంటారు. తర్వాత జామ్ అయితే తిట్లన్నీ రైఫిల్‌కి. ప్రతి తూటానూ సరైన ఎత్తులో, సరైన క్షణంలో బోల్ట్ (తూటాను బ్యారెల్‌లోకి తోసే భాగం) ముందు నిలబెట్టే పని మ్యాగజైన్‌ది. అది తప్పితే రెండు వేల డాలర్ల రైఫిల్ కూడా ఏమీ చేయలేదు. మ్యాగజైన్ అంటే టైరు లాంటిదే, అరిగేదాకా వాడతాం, అరిగాక పారేస్తాం. ఇది మనసులో పెట్టుకుంటే కింద రాసినవి తేలిగ్గా అర్థమవుతాయి.

అపోహ: జామ్ అయిందంటే రైఫిల్‌లోనే ఏదో తేడా ఉంది

రేంజ్‌కి వచ్చే ఒక తమ్ముడు ఆ మధ్య బాగా విసిగిపోయి, "అన్నా, దీన్ని అమ్మేస్తా, ఎప్పుడు చూసినా మధ్యలో ఆగిపోతోంది" అన్నాడు. ముందు రైఫిల్ ఖాళీ చేయించాను. తర్వాత అతని మ్యాగజైన్లన్నీ బల్ల మీద పరిచి, తెల్ల పెయింట్ పెన్‌తో అడుగున నంబర్లు వేశాం. ఒక్కోటీ వరసగా కాల్చుకుంటూ, ఆగినప్పుడల్లా నంబరు రాసుకోమన్నాను. ఆగిన ప్రతిసారీ రైఫిల్‌లో ఉన్నది 4వ నంబరే. దాన్ని ఖాళీ చేసి వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే, పైన తూటాను పట్టి ఉంచే అంచు, అదే ఫీడ్ లిప్, వెనక మూలన వెంట్రుకంత పగులు. బొటనవేలితో లోపలి నుంచి నొక్కితే ఆ అంచు బయటికి విచ్చుకుంటోంది. ఒక తూటా వెళ్లాల్సిన చోట రెండు బయటికొచ్చి ఇరుక్కుంటున్నాయి. ఆ ఒక్క మ్యాగజైన్ తీసేశాక రైఫిల్ మళ్లీ మొరాయించలేదు.

అందుకే కొన్న రోజే నంబర్లు వేయండి. ఇంతకంటే చవకైన రిపేరు లేదు. ఒకే నంబరు దగ్గర ఆగుతుంటే తప్పు మ్యాగజైన్‌ది. ఏది పెట్టినా ఆగుతుంటే అప్పుడు రైఫిల్ వైపు చూడాలి.

జామ్ ఎలా అయిందో చూసినా చాలా తెలుస్తుంది. రెండు తూటాలు ఒకేసారి వచ్చి ఇరుక్కుంటే ఫీడ్ లిప్స్ విచ్చుకున్నాయేమో చూడండి. బోల్ట్ తూటా మీదుగా వెళ్లిపోతుంటే, లేదా తూటా నడుమును పట్టి నొక్కేస్తుంటే, స్ప్రింగ్ బలం తగ్గి తూటా సమయానికి పైకి రావడం లేదన్నమాట. మ్యాగజైన్‌ను రైఫిల్‌లో పట్టి ఉంచే క్యాచ్ సరిగ్గా బిగించకపోయినా మ్యాగజైన్ కిందికి కూర్చుని అచ్చం ఇలాగే చేస్తుంది, కానీ అప్పుడు అన్నిటితోనూ వస్తుంది. చివరి తూటా అయిపోయాక బోల్ట్ వెనక ఆగకపోతే ముందు వేరే మ్యాగజైన్‌తో చూడండి. కాల్చేసిన తూటా ఖాళీ గొట్టం, అదే కేస్, తూటా పేలే చోటైన ఛాంబర్‌లోనే ఉండిపోయిందంటే మాత్రం దాదాపుగా మ్యాగజైన్‌తో సంబంధం లేదు. అది కేస్‌ను బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ పనో, మురికి ఛాంబర్ పనో.

అపోహ: నింపి ఉంచితే స్ప్రింగ్ చచ్చిపోతుంది

ఈ మాట మిలిటరీ నుంచి వచ్చిన పెద్దవాళ్లు కూడా అంటారు. మంచి స్ప్రింగ్‌ను దాని హద్దులో నొక్కి ఉంచితే పెద్దగా బలం కోల్పోదు. దాన్ని అరగదీసేది మళ్లీ మళ్లీ నొక్కడం, వదలడం. హద్దు దాటి నొక్కినా దెబ్బతింటుంది. కాబట్టి స్ప్రింగ్‌కి విశ్రాంతి అంటూ వారం వారం తీసి నింపే అలవాటు వల్ల లాభం లేదు, ఆ పనే దాన్ని అరగదీస్తుంది.

నింపి ఉంచడంలో గమనించాల్సింది స్ప్రింగ్ కంటే ఫీడ్ లిప్స్‌ని, అందులోనూ పాలిమర్ (గట్టి ప్లాస్టిక్) మ్యాగజైన్ల లిప్స్‌ని. కింది నుంచి స్ప్రింగ్ తోస్తూనే ఉంటుంది కాబట్టి ఏళ్ల తరబడి ఆ ఒత్తిడి వాటి మీదే. మ్యాగ్‌పుల్ కంపెనీ పాలిమర్ మ్యాగజైన్లైన పీమ్యాగ్‌లలో కొన్నిటితో వచ్చే మూతను దుమ్ము పడకుండా అనుకుంటారు కానీ, గట్టిగా బిగిస్తే అది పై తూటాను కాస్త కిందికి నొక్కి లిప్స్ మీద భారం తీసేస్తుంది. టెక్సస్ ఎండలో కారు డిక్కీలో నింపిన పాలిమర్ మ్యాగజైన్లు వదిలేయకండి. వేడికి ప్లాస్టిక్ త్వరగా సాగుతుంది.

ఇంట్లో పిల్లలుంటే నింపిన మ్యాగజైన్‌కీ తాళం ఉండాల్సిందే. టెక్సస్ చట్టం ప్రకారం 17 ఏళ్లలోపు పిల్లల చేతికి వెంటనే పేల్చగలిగే తుపాకీ అందేలా వదిలేయడం నేరం. తాళం లేని అల్మారాలో స్ప్రింగ్ ఎలా ఉందన్నది నాకు చివరి ప్రశ్న.

అపోహ: ప్లాస్టిక్ నాసిరకం, మెటల్ అయితేనే గట్టిది

మనవాళ్లలో ఈ భయానికి ఒక కారణముంది. 1999 కార్గిల్ యుద్ధంలో ఇన్సాస్ రైఫిళ్ల పాలిమర్ మ్యాగజైన్లు చలికి పగిలాయన్న ఫిర్యాదులు చాలామంది విన్నారు. కానీ పాలిమర్లన్నీ ఒకటి కాదు. మ్యాగ్‌పుల్ కంపెనీ 2007లో పీమ్యాగ్ తెచ్చింది. అమెరికా మెరైన్ కోర్ 2016 డిసెంబరులో దాని మూడో తరం మ్యాగజైన్‌ను వాడటానికి అనుమతించింది.

అల్యూమినియానికి దాని బలహీనత దానికుంది. కాంక్రీటు మీద పడితే పక్క సొట్టపోతుంది, లేదా లిప్ వంగుతుంది. ఆ సొట్ట కంటికి ఆనకపోవచ్చు, లోపల తూటాలను పైకి తోసే ఫాలోవర్ మాత్రం అక్కడ రాసుకుంటూనే ఉంటుంది. పాలిమర్ సాధారణంగా వంగి మళ్లీ యథాస్థితికి వస్తుంది, లేదంటే పగులుతుంది. పగులు కనబడుతుంది, అది నాకు నయం. పాలిమర్ ఒంటికి స్టీల్ లిప్స్ పెట్టిన లాన్సర్ లాంటివి మధ్యేమార్గం. మంచి తయారీదారుది అయితే మూడింటిలో ఏదైనా సరే, నా మొదటి సలహా మాత్రం పాలిమరే.

అపోహ: మిలిటరీ ముద్ర ఉంటే కళ్లు మూసుకుని కొనొచ్చు

ఇక్కడ కాస్త చరిత్ర చెప్పాలి. ఏఆర్-15కి సైన్యపు రూపమైన ఎం16 రైఫిల్ మొదట్లో 20 తూటాల తిన్నని మ్యాగజైన్‌తో వచ్చింది, మ్యాగజైన్ దూరే గూడు కూడా తిన్నగానే ఉంది. అది వాడే 5.56 సైజు తూటా కేస్ అడుగున కాస్త లావు, పైకి సన్నం. ఎక్కువ తూటాలు పేర్చితే వరస వంగుతుంది. అందుకే 30 తూటాల మ్యాగజైన్ పైన తిన్నగా, కింద వంపుగా తయారైంది. ఫాలోవర్ ఆ వంపు దాటేటప్పుడు ముందుకో వెనక్కో ఒరుగుతుంది. ఈ ఒరుగుడును ఆపడానికే సైన్యం ఫాలోవర్‌ను మారుస్తూ వచ్చింది. నలుపు పోయి ఆకుపచ్చ వచ్చింది, 2009లో లేత గోధుమరంగుది వచ్చింది, 2016లో నీలి బూడిదరంగుది. కాబట్టి సెకండ్‌హ్యాండ్ అల్యూమినియం మ్యాగజైన్ కొనేటప్పుడు ముద్ర కంటే ముందు ఫాలోవర్ రంగు చూడండి. నల్లదో ఆకుపచ్చదో అయితే ఫాలోవర్, స్ప్రింగ్ రెండూ మార్పించుకోండి, పెద్ద ఖర్చు కాదు.

పోలీసులకు, సైన్యానికి మాత్రమే అని అచ్చు వేసిన పాతవి చూసి కొందరు అదేదో ప్రత్యేకమైన సరుకు అనుకుంటారు, కొందరు కొంటే కేసవుతుందని భయపడతారు. 1994 నుంచి 2004 దాకా పదికి మించిన మ్యాగజైన్ల మీద ఫెడరల్ ఆంక్ష ఉండేది, ఆ అచ్చు అప్పటిది. ఇప్పుడు టెక్సస్‌లో దానికి విలువా లేదు, ప్రమాదమూ లేదు. వయసు మాత్రం ఉంది.

ఇక స్టానాగ్ మ్యాగజైన్ల సంగతి. నాటో ప్రమాణం కాబట్టి అన్ని రైఫిళ్లకూ సరిపోతుందంటారు. ఆ ప్రమాణం, అంటే స్టానాగ్ 4179, ముసాయిదా దగ్గరే ఆగిపోయింది, నాటో దాన్ని ఆమోదించనేలేదు. 2012లో మెరైన్ కోర్ పీమ్యాగ్‌ల వాడకాన్ని ఆపేసింది, ఎందుకంటే అప్పటి రెండో తరం పీమ్యాగ్ వాళ్ల ఎం27 రైఫిల్‌లో సరిగ్గా కూర్చునేది కాదు. మూడో తరంలో ఆ కొలతలు సరిచేశారు. మీ రైఫిల్‌లో పెట్టి చూడకుండా డజన్ల లెక్కన కొనకండి.

అపోహ: 30 పట్టే దాంట్లో 28 మించి నింపకూడదు

పాత అల్యూమినియం వాటికి ఇది పనికొచ్చే జాగ్రత్తే. బోల్ట్ మూసి ఉన్నప్పుడు నిండు మ్యాగజైన్ పెడితే పై తూటా కాస్త కిందికి దిగాలి, స్ప్రింగ్‌లో చోటు లేకపోతే క్యాచ్ పడదు. మొదటి తూటా కాల్చగానే మ్యాగజైన్ ఊడి కింద పడుతుంది. ఇప్పటి మంచి మ్యాగజైన్లలో 30 నింపినా ఆ చోటు ఉంటుంది. నింపాక బొటనవేలితో పై తూటాను నొక్కండి. దిగితే సరే, దిగకపోతే రెండు తీసేయండి. 31 దూర్చడం మాత్రం ఎప్పుడూ తప్పే.

పెట్టేటప్పుడు గట్టిగా తోసి, ఒకసారి కిందికి లాగి చూడండి.

అపోహ: ఎక్కువ పడితే అంత మంచిది

60, 100 తూటాల డ్రమ్ములు వీడియోల్లో బాగుంటాయి. బరువెక్కువ, కదిలే భాగాలెక్కువ, నింపడం విసుగు. బల్ల మీద ఆనించి గురి నేర్చుకునేవాళ్లకు 20 చాలు, బల్లకు తగలదు. పైగా అన్ని రాష్ట్రాల చట్టం ఒకటి కాదు. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీల్లో పరిమితి 10, కొలరాడోలో 15. ఉద్యోగం మారి న్యూజెర్సీ వెళ్తూ ట్రక్కులో 30వి సర్దేసుకుంటే చిక్కుల్లో పడతారు. ముందు ఆ రాష్ట్ర చట్టం చూడండి.

అపోహ: లోపల కాస్త ఆయిల్ వేస్తే సాఫీగా నడుస్తుంది

వేయకండి. ఆయిల్ దుమ్మును పట్టి ముద్ద చేస్తుంది, తూటా అడుగున నిప్పు రాజేసే ప్రైమర్‌లోకి ఇంకితే తూటా పేలకపోవచ్చు. విప్పి, పొడిగుడ్డతో తుడిచి, పొడిగానే బిగించండి.

అపోహ: మ్యాగజైన్‌లో పట్టిందంటే రైఫిల్‌కి సరిపోయినట్టే

ఈ పోస్టులో ఒక్కటే చదువుతానంటే ఇది చదవండి. 2011లో ప్రామాణికమైన .300 బ్లాకౌట్ తూటా 5.56 మ్యాగజైన్‌లోనే పడుతుంది, అదే బోల్ట్‌తో నడుస్తుంది. దాని బుల్లెట్, అంటే తూటాలోంచి ఎగిరి వెళ్లే మొన, మాత్రం లావు. కొన్ని రకాల బ్లాకౌట్ తూటాలు 5.56 ఛాంబర్‌లోకి దూరిపోతాయి, బోల్ట్ కూడా మూసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే ఆ లావు బుల్లెట్ సన్నటి బ్యారెల్‌లోకి వెళ్లలేదు, ఒత్తిడంతా వెనక్కి తిరుగుతుంది. రైఫిల్ ఒళ్లైన రిసీవర్ చీలిపోతుంది, మ్యాగజైన్ అడుగు ఊడి ఎగురుతుంది, అదంతా జరిగేది మీ ముఖానికి జానెడు దూరంలో.

రెండు క్యాలిబర్లూ (తూటా సైజులూ) ఇంట్లో ఉంటే బ్లాకౌట్‌కి వేరే రంగు మ్యాగజైన్లు పెట్టండి, చేతికి తగిలేలా రబ్బరు బ్యాండ్ వేయండి. చీకట్లో రంగు కనబడదు, బ్యాండ్ తెలుస్తుంది. నా లేన్లలో బల్ల మీద ఒకసారికి ఒక్క క్యాలిబరే ఉంచనిస్తాను, రెండోది డబ్బాలో మూతపెట్టి ఉండాలి.

అపోహ: నాకు లేకపోయినా ఫ్రెండ్‌ది కాబట్టి ఫర్వాలేదు

హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, బీ-2 లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసాలో ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ పట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. రేంజ్‌లో అద్దెకు తీసుకున్నా, స్నేహితుడిది ఒక్కసారి పట్టుకున్నా అది కూడా లెక్కలోకే వస్తుంది. చూడటానికొచ్చిన అమ్మానాన్నలతో సరదాగా నాలుగు రౌండ్లు కాల్పించి ఫొటో తీయాలని అడిగేవాళ్లు ఎందరో. వాళ్ల వీసా బీ-2. నేను ఒప్పుకోను, మీరూ అడగకండి.

ఖాళీ మ్యాగజైన్‌ను ఫెడరల్ చట్టం తుపాకీగా చూడదు, కానీ దాన్ని దేశం దాటించాలంటే ఎగుమతి నిబంధనలు అడ్డొస్తాయి. ఇండియాలో దిగాక 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ లేకుండా తుపాకీ భాగాలు, తూటాలు ఏవి ఉన్నా నేరమే. రేంజ్‌కి వాడే బ్యాగ్‌ను హైదరాబాద్ ప్రయాణానికి అస్సలు వాడకండి. పక్క జేబులో, అడుగు కుట్టులో ఎక్కడో ఒక తూటా మిగిలిపోయి ఉంటుంది. అది ఎక్స్‌రేలో మీకంటే ముందు వాళ్లకి కనబడుతుంది.