క్రాంకు ఎక్కడ విరుగుతుంది? కార్బన్, అల్యూమినియం: అపోహలు - వాస్తవాలు

మా సైకిల్ షాపు బల్ల మీద ఒక విరిగిన క్రాంకు ఉంటుంది. క్రాంకు అంటే పెడల్‌ను మధ్య ఇరుసుకు కలిపే కాడ. అల్యూమినియందే, ఎడమ వైపుది. పెడల్ బిగించే రంధ్రం దగ్గర రెండు ముక్కలైంది. ఎవరిదో కాదు, నాదే. ఏడేళ్ల కిందట ఒక ఆదివారం తెల్లవారుజామున ఒంగోలు నుంచి కొత్తపట్నం బీచికి పోతూ, కాలువ వంతెన ఎక్కడానికి సీటు మీంచి లేచి తొక్కాను. టక్కుమంది. పెడల్‌తో సహా కాలు రోడ్డు మీదికి దిగిపోయింది, నేను హ్యాండిల్ మీద పడ్డాను. మోకాలికి ఆరు కుట్లు.

దాన్ని అందరికీ కనిపించేలా పెట్టడానికి కారణం, గేర్ సైకిళ్లు వచ్చాక క్రాంకు సత్తుది (అల్యూమినియం) మేలా, కార్బన్ పోగులతో చేసింది మేలా అని షాపులో రోజూ జరిగే వాదన. ఒకతను “అన్నా, కార్బన్ అయితే పుటుక్కున విరుగుద్ది, సత్తు అయితే వంగుద్ది గానీ విరగదు గదా” అంటాడు. పక్కనున్నతను “సత్తు పాత కాలందిరా, కార్బన్‌కి చావే లేదు” అంటాడు. ఇద్దరి మాటలోనూ సగం సగం నిజం ఉంది, చిక్కంతా అక్కడే.

అపోహ: అల్యూమినియం వంగుతుంది, విరగదు

సత్తు గిన్నె కిందపడితే సొట్ట పోతుంది, పగలదు. అదే లెక్క క్రాంకుకూ వేస్తారు. కానీ గిన్నె సత్తు వేరు, క్రాంకు సత్తు వేరు. మంచి క్రాంకుల్లో వాడేది 7075 లాంటి మిశ్రమ లోహం. జింకు, మెగ్నీషియం, రాగి కలిపి, కాల్చి చల్లార్చి గట్టిపరిచింది. లారీ ఎక్కితే వంగుతుందేమో గానీ, రోజూ తొక్కి తొక్కి పోయేటప్పుడు మాత్రం వంగదు, విరుగుతుంది. లోహం అలసిపోవడం అంటారు దీన్ని, ఇంగ్లిషులో ఫెటీగ్.

నిమిషానికి 80 సార్లు తొక్కితే గంటకు 4,800. 200 కిలోమీటర్ల బ్రెవేలో (గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సవారీ) కాలు ఆడేది ఎనిమిది గంటలనుకుంటే, ఒక్కో క్రాంకు మీద 38,400 సార్లు బరువు పడి లేస్తుంది. ఉక్కుకు ఒక హద్దుంది. ఆ హద్దు లోపల ఎన్ని లక్షల సార్లు తొక్కినా దానికి అలసట లేదు. అందుకే మా నాన్న షాపు నడిపిన రోజుల్లో క్రాంకును ఇరుసుకు బిగించే కాటర్ పిన్నులు అరిగిపోతే డబ్బాలకు డబ్బాలు మార్చాడు గానీ, విరిగిన ఇనప క్రాంకు చూడటం అరుదు. అల్యూమినియానికి ఆ హద్దు లేదు, ప్రతి తొక్కుడూ ఎంతో కొంత ఖాతాలో పడుతుంది. అలాగని భయపడక్కర్లేదు. సరిగ్గా చేసిన క్రాంకులో ఆ ఖాతా నిండేలోపు చాలామంది సైకిలే మార్చేస్తారు. ఎక్కడైనా గాయం ఉంటేనే తొందరగా నిండుతుంది.

నా క్రాంకు విరిగిన చోట చూడండి. ముప్పాతిక భాగం నున్నగా, నల్లగా ఉంది. దాని మీద మొద్దు కోస్తే కనిపించే వలయాల్లాంటి సన్నటి గీతలు. మిగిలిన పాతిక పటికబెల్లం విరిచినట్టు గరుగ్గా, తళతళలాడుతూ ఉంది. నల్లటిది పాత పగులు. నెలల తరబడి వెంట్రుకవాసి చొప్పున పాకుతూ వచ్చింది, చెమటా చైను నూనే లోపలికి దిగి నల్లబడింది. తళతళలాడేది ఆ ఆదివారం ఒక్క దెబ్బకు తెగిన భాగం. పగులు పుట్టిన చోటు కూడా తెలుస్తుంది: పెడల్ ఇరుసు అంచు ఒరుసుకుని క్రాంకు మీద గాడి పడిన చోట. ఇప్పటికీ గోరు ఆనిస్తే తగులుతుంది. పెడల్ బిగించేటప్పుడు మధ్యలో సన్నటి స్టీలు వాషర్ వేసి ఉంటే ఆ గాడి పడేది కాదు. వాషర్లు లేక కాదు, డబ్బా నిండా ఉన్నాయి. నా బద్ధకం.

కుడి వైపు క్రాంకులో అయితే చైన్ వీల్‌ను పట్టి ఉంచే చేతులు కాడతో కలిసే మూల చూడాలి. నెలకోసారి గుడ్డతో తుడిచి, టార్చి లైటు పక్కవాటుగా వేసి చూస్తే చాలు. తుడిచాక కూడా అదే చోట సన్నటి నల్ల గీత మిగిలితే అది మురికి కాదు.

అపోహ: కార్బన్ చెప్పాపెట్టకుండా విరుగుతుంది, గీత పడితే పారేయాల్సిందే

ఒకే బలాన్ని పదే పదే తట్టుకునే విషయంలో కార్బన్ పోగులు అల్యూమినియం కన్నా మెరుగు. తొక్కడం వల్ల అలసిపోయి విరిగిన కార్బన్ కాడ నా చేతికి ఇంతవరకు రాలేదు. వచ్చినవన్నీ దెబ్బ తగిలినవో, అతుకు వదిలినవో. చీమకుర్తి వైపు పోయేవాళ్లకు తెలుసు, గ్రానైట్ లారీలు తిరిగే రోడ్డు మీద రాతి ముక్కలు ఎలా ఉంటాయో. ముందు చక్రం ఎగరేసిన రాయి క్రాంకుకు తగిలితే అల్యూమినియం మీద సొట్ట కనిపిస్తుంది. కార్బన్ మీద పైన చిన్న మచ్చే ఉండి, లోపల పొర పొర విడిపోయి ఉండొచ్చు. భయపడాల్సింది దీనికి.

పైన గోరుకు తగలని గీత అంటే రంగు పొర మీదే పడింది, వదిలేయండి. పోగులు పైకి లేచి కనిపిస్తే, వేలితో నొక్కితే ఆ చోటు లోపలికి దిగితే, ఆపేయండి.

క్వారీలో రాతిని సుత్తితో తట్టి వింటారు. మంచి రాయి ఖంగుమంటుంది, పగులుంటే మొద్దుగా పలుకుతుంది. సంతలో కుండ కొనేటప్పుడు మన అమ్మలు చేసేదీ అదే. కార్బన్‌కు రూపాయి బిళ్లతో తట్టి చూడటం ఆ పద్ధతే, ఫ్రేమ్ గొట్టాల మీద బాగానే పనిచేస్తుంది. క్రాంకు పొట్టిగా, మందంగా ఉంటుంది, పైగా రెండు చివరలా లోపల లోహం ఉంటుంది కాబట్టి శబ్దం అక్కడక్కడ ఎటూ మారుతుంది. బిళ్ల పరీక్ష పాసైనంత మాత్రాన క్రాంకు పాసైనట్టు కాదు.

అపోహ: మన ఎండలకు కార్బన్ మెత్తబడుతుంది

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లు మనవి, అనుమానం రావడంలో తప్పులేదు. పోగులను పట్టి ఉంచే ఎపాక్సీ జిగురు మెత్తబడేది మామూలుగా 100 డిగ్రీలు దాటాకే. ఎండలో పెట్టిన నల్ల సైకిల్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, అయినా నీళ్లు మరిగేంత కాదు. ఈ మాట పుట్టింది రిమ్ముల వల్ల. పొడుగాటి ఘాట్ దిగుతూ రిమ్ బ్రేకులు పట్టుకునే ఉంటే ఆ వేడికి కార్బన్ రిమ్ములు పాడైన సంగతి నిజం. క్రాంకుకు బ్రేకు లేదు కదా.

అపోహ: కార్బన్‌కు తుప్పు పట్టదు, సముద్రం పక్కన అదే మేలు

మన తీరంలో వాళ్లకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే మాట ఇది. కార్బన్‌కు తుప్పు పట్టదు, ఒప్పుకుంటాను. కానీ కార్బన్ క్రాంకు అంటే మొత్తం కార్బన్ కాదు. పెడల్ మర ఉండే చోట చాలా క్రాంకుల్లో అల్యూమినియం బుష్ (చిన్న గొట్టం ముక్క) పెట్టి జిగురుతో అతికిస్తారు. కార్బన్‌లో కరెంటు పారుతుంది. కార్బన్, అల్యూమినియం ఒకదానికొకటి తగిలి, మధ్యలో ఉప్పునీరు చేరితే, టార్చిలో వేసే బ్యాటరీ సెల్లు లోపల జరిగేదే అక్కడా జరుగుతుంది. కరిగిపోయేది అల్యూమినియం. తయారీదారులు మధ్యలో గాజుపీచు పొర వేసో, అల్యూమినియానికి అనోడైజింగ్ చేసో (పైన కరెంటు పారని పొర కట్టించి) వాటిని విడదీస్తారు. ఆ పొర ఎక్కడైనా చిరిగితే మొదలవుతుంది.

కొత్తపట్నం దారిలో రొయ్యల చెరువుల పక్కగా పోయొచ్చే ఒకతని క్రాంకు పోయినేడు వచ్చింది. పెడల్ విప్పితే మర చుట్టూ వెల్ల సున్నం లాంటి తెల్లటి పొడి. బుష్ కొంచెం ఆడుతోంది. “జిగురు పెట్టి అతికించన్నా” అన్నాడు. షాపులో దొరికే రెండు ట్యూబుల జిగురుతో అది నిలవదు, నేను చేయనన్నాను. అలిగి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. ఏం చేస్తాం.

బీచికి పోయొచ్చిన రోజు మామూలు నీళ్లతో కడగండి, ప్రెషర్ పంపుతో కాదు. మూడు నాలుగు నెలలకోసారి పెడళ్లు విప్పి, మర తుడిచి, కొత్త గ్రీజు పెట్టండి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుందని మర్చిపోకండి, దాన్ని మామూలు వైపు తిప్పి బుష్‌ను పీకినవాళ్లు ఉన్నారు. చెమట కూడా ఉప్పే కాబట్టి ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ను ఉన్నచోటే తొక్కించే స్టాండు) మీద తొక్కేవాళ్లకూ ఇదే మాట.

అపోహ: ఖరీదైనది, పేరున్నది విరగదు

2023 సెప్టెంబరులో జపాన్ సైకిల్ విడిభాగాల కంపెనీ షిమానో, 2012 జూన్ నుంచి 2019 జూన్ దాకా తయారైన 11 స్పీడ్ (వెనక 11 గేర్ల) అల్టెగ్రా, డ్యూరా-ఏస్ రకాల క్రాంకులను తనిఖీకి పిలిచింది. ఒక్క అమెరికాలోనే సుమారు 6,80,000. విడిపోయిన ఘటనలు 4,519, గాయాలు ఆరుగురికి అని అక్కడి వినియోగదారుల భద్రతా సంస్థ ప్రకటించింది. ఇవి కార్బన్‌వి కావు, అల్యూమినియం క్రాంకులు. బరువు తగ్గించడానికి రెండు భాగాలుగా చేసి, లోపల డొల్లగా ఉంచి, జిగురుతో అతికించారు. వదిలింది ఆ అతుకు. మన కార్బన్ క్రాంకులో బుష్ అతుకు, ఇక్కడ ఈ అతుకు, రెండూ ఒకే కథ.

సెకండ్ హ్యాండ్‌లో ఇవి కొనేవాళ్లు క్రాంకు వెనక రెండక్షరాల కోడ్ చూసుకోండి. అది కేఎఫ్ (KF) నుంచి ఆర్ఎఫ్ (RF) లోపు ఉంటే తనిఖీ అయిందో లేదో అడగకుండా డబ్బులివ్వకండి. షిమానో ఆ తర్వాత తెచ్చిన డ్యూరా-ఏస్ కూడా అల్యూమినియందే, ఇటలీ కంపెనీ కాంపాన్యోలో చేసే సూపర్ రికార్డ్ కార్బన్‌ది. ఇంత ఖరీదు సరుకు చేసేవాళ్లే ఒక మాట మీదికి రాలేదు, మనకెందుకు పంతం.

అపోహ: ఎంత గట్టిగా బిగిస్తే అంత సేఫ్

పానాకు గొట్టం తగిలించి బిగించే రోజులు కాటర్ పిన్నుతోనే పోయాయి. షిమానో రెండు బోల్టుల ఎడమ క్రాంకుకు 12 నుంచి 14 న్యూటన్ మీటర్లు (బిగింపు కొలత) చాలు, రెండు బోల్టులనూ మార్చి మార్చి బిగించాలి. పెడళ్లకు 35 నుంచి 55. పలకల ఇరుసు ఉండే చవక గేర్ సైకిళ్లలో మాత్రం తక్కువ బిగించడమే ప్రమాదం. ఆ బోల్టుకు 35 నుంచి 50 కావాలి. వదులైన క్రాంకుతో పది కిలోమీటర్లు తొక్కితే ఉక్కు ఇరుసు అల్యూమినియం రంధ్రాన్ని కొరికేస్తుంది, పలకలు పోతాయి. తర్వాత ఎంత బిగించినా ఆగదు. ఆ కొలత చూపించే టార్క్ రెంచ్ కొనలేకపోతే షాపుకు తీసుకురండి, ఐదు నిమిషాల పని.

అపోహ: కిర్రుమంటే క్రాంకు పోయినట్టే

పదిసార్లలో తొమ్మిదిసార్లు గ్రీజు లేని పెడల్ మర, వదులైన చైన్ వీల్ బోల్టు, కాకపోతే సీటు. గ్రీజు పెట్టి బిగించినా నొక్కినప్పుడల్లా ఒకే చోట టక్ అంటుంటేనే అనుమానించాలి. నా క్రాంకు విరిగే ముందు ఒక్కసారి కూడా కిర్రుమనలేదు.

అపోహ: ఆర్గాన్ వెల్డింగ్ చేయిస్తే సరిపోతుంది

నెలకొకరైనా అడుగుతారు. వెల్డింగ్ అతను అతికిస్తాడు, పైన రుద్ది నున్నగా చేసిస్తాడు, చూస్తే కొత్తదే. 7075 రకం మామూలు వెల్డింగ్‌కు లొంగదు, చల్లారేటప్పుడే లోపల పగుళ్లు వస్తాయి. వెల్డింగ్‌కు లొంగే 6061 అయినా, ఆ వేడికి చుట్టుపక్కల లోహం పదును పోయి మళ్లీ మెత్తటి గిన్నె సత్తు అవుతుంది. కార్బన్ అయితే ఫ్రేమ్ గొట్టాలను బాగుచేసేవాళ్లు ఉన్నారు గానీ, క్రాంకు నేనైతే ఎవరికీ అతికించి ఇవ్వను.

విరిగిన ముక్కలు చూడాలనుకునేవాళ్లు షాపుకు రండి, చేతికిస్తాను. మంగళవారం సెలవు.