మిల్లు గేటు దగ్గర పుట్టే ఖాళీ

వడ్ల కోతలు ఊపందుకున్నప్పుడు మిర్యాలగూడ మిల్లుల వైపు వెళ్తే రోడ్డు పొడవునా ట్రాక్టర్ల లైను కనిపిస్తుంది. ఒక యాసంగిలో నేనూ మా ట్రాలీతో ఆ లైనులో రాత్రంతా ఉన్నాను. అక్కడే ఒక సంగతి గమనించాను, బండ్లు ముందుకు పోతుంటే ఖాళీ వెనక్కి నడుస్తోంది. గేటులోకి ఒక బండి పోగానే అక్కడ కాస్త జాగా పుడుతుంది, వెనకాయన జరిగి దాన్ని నింపితే ఆ జాగా ఆయన వెనక్కి వస్తుంది, అట్లా ఒక్కొక్కరినీ దాటుకుంటూ మా దాకా రావాలి.

భౌతికశాస్త్రంలో దీనికి అచ్చంగా సరిపోయే నమూనా ఉంది. ఒక గళ్ల వరుస గీయండి. గడికి ఒక్క చింతగింజే. ముందు గడి ఖాళీగా ఉంటేనే గింజ జరగాలి, ఎప్పుడు జరుగుతుందన్నది మాత్రం పాచికల మీద వదిలేయాలి. ఒక చివర గింజలు పెడుతుంటాం, రెండో చివర తీస్తుంటాం. 1968లో మెక్‌డొనాల్డ్, గిబ్స్, పిప్కిన్ ఈ లెక్క మొదలుపెట్టింది ఆర్‌ఎన్‌ఏ దారం మీద రైబోజోములు ఒకదాని వెనక ఒకటి నడుస్తూ ప్రోటీన్లు తయారుచేసే తీరు తెలుసుకోవడానికి. 1993లో డెరిడా, ఇవాన్స్, హకీమ్, పాస్కియే కచ్చితమైన జవాబు రాబట్టారు.

ఆ జవాబు నాకు భలే నచ్చుతుంది. మధ్యలో గింజ జరిగే వేగం 1 అనుకోండి, చివర తీసే వేగం 0.2. అప్పుడు ఇవతల 0.4 వేగంతో పెట్టినా, 0.9తో పెట్టినా ఏమీ మారదు, దాదాపు 80 శాతం గళ్లు నిండిపోతాయి, బయటపడే గింజల వేగం 0.16 దగ్గరే ఆగుతుంది. తీసే వేగాన్ని 0.3 చేస్తే అదే 0.21 అవుతుంది. పెట్టే వేగం, తీసే వేగం రెండూ 0.5 దాటితే 0.25, అంతకు మించి రాదు, అప్పుడు సగం గళ్లు ఖాళీగానే ఉంటాయి! ట్రాక్టరు మనిషి నడిపేది కాబట్టి ఈ అంకెలు రోడ్డుకు యథాతథంగా వర్తించవు. అయినా రైతులంతా ఒకేసారి వచ్చారని తిట్టేవాళ్లు ముందు గేటు లోపల కాంటా, తేమ పరీక్ష, హమాలీల సంఖ్య చూడాలని నేనంటాను.

రెండు వేగాలూ సమానమై 0.5 కంటే తక్కువుంటే ఇంకో వింత. వరుసలో ఒత్తుగా ఉన్న భాగం, పలచగా ఉన్న భాగం విడిపోతాయి, ఆ రెంటి మధ్య హద్దు మాత్రం ఒకచోట నిలవదు, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఊరికే తిరుగుతుంటుంది. "లైను యాడిదాక ఉన్నది బిడ్డా?" అని ఆ రాత్రి బాపు ఫోన్ చేసిన ప్రతిసారీ నేను చెప్పిన జాగా మారిపోయింది.